డాక్టర్ సలహా: పెళ్లి అయ్యాక కాదమ్మా, ఈ వారమే చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 47. మాది భీమవరం దగ్గర ఊరు. రెండున్నరేళ్ల క్రితం కుడి రొమ్ముకు క్యాన్సర్ వస్తే ఆపరేషన్ చేసి మొత్తం తీసేశారు. కీమో, రేడియేషన్ అయ్యాయి. రొయ్యల షెడ్డులో పీలింగ్ పనికి మళ్లీ వెళ్తున్నాను. ఇప్పుడు కరిగిపోయే ఇంప్లాంట్లు వచ్చాయని, వాటిలో మన కొవ్వే పెట్టి రొమ్ములా తయారు చేస్తారని మా అమ్మాయి ఫోన్‌లో చదివి చెప్పింది. మాఘంలో తన పెళ్లి. ఆలోపు నాకు పెడతారా? ఒంట్లో ఆవిర్లు వస్తున్నాయని టామాక్సిఫెన్ మాత్ర నాలుగు నెలలుగా మానేశాను. కుట్టు పక్కన శనగ గింజంత గట్టిగా తగులుతోంది, నొప్పి లేదు. పెళ్లి అయ్యాక చూపించుకుందామని ఉంది.

జవాబు: అమ్మా, మీరు అడిగింది ఇంప్లాంట్ గురించి. నాకు టెన్షన్ పెట్టింది మాత్రం చివర్లో రాసిన ఆ మాత్ర, ఆ గింజ.

ముందు గింజ సంగతి. చేత్తో చూడకుండా అదేమిటో ఎవరూ చెప్పలేరు. లోపలి కుట్టు దారం చుట్టూ కట్టిన గడ్డ కావచ్చు, గట్టిపడిన కొవ్వు కావచ్చు. జబ్బు తిరిగి రావడం కూడా కావచ్చు. నొప్పి లేదు కదా అని ధైర్యపడకండి, ఈ జబ్బు గడ్డలు చాలావరకు నొప్పి పెట్టవు. మీకు ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికే వెళ్లండి. చేత్తో చూసి, అల్ట్రాసౌండ్ తీయించి, అవసరమైతే సూదితో ముక్క తీస్తారు. సూది గుచ్చితే జబ్బు పాకుతుందని ఊళ్లో చెబుతారు, ఆ భయంతో పరీక్ష మానుకోవద్దు.

మన డెల్టాలో ఇదే నాకు బాధ కలిగించే విషయం. సార్వా కోతలు అయ్యాక వస్తాను, దాళ్వా నాట్లు అయ్యాక వస్తాను, పిల్ల పెళ్లి అయ్యాక వస్తాను అంటారు. వచ్చేసరికి గింజ కాస్తా నిమ్మకాయంత అయి, పైచర్మం పుండు పడి ఉంటుంది. ఆ ఊళ్లోనే ఉన్న ఆర్‌ఎంపీ అప్పటికి రెండు కోర్సుల యాంటీబయాటిక్ వాడించి ఉంటాడు. మీరు అలా రాకూడదు. పెళ్లి పనులు మరొకరు చూసుకోగలరు, ఇది మీరే చూసుకోవాలి.

ఇక మాత్ర. టామాక్సిఫెన్ ఇచ్చారంటే మీ జబ్బుకు హార్మోన్‌తో సంబంధం ఉందని అర్థం. మామూలుగా 5 ఏళ్లు, కొందరికి 10 ఏళ్లు వాడమంటాం. రొమ్ము తీసేశాక కూడా ఎక్కడైనా మిగిలిన కణాలను అణచి ఉంచేది అదే. ఆవిర్లు నిజంగా ఇబ్బందే, కాదనను. వాటిని తగ్గించే మందులు ఉన్నాయి, అవసరమైతే మాత్రే మారుస్తారు. చెప్పకుండా మానేయడం మాత్రం తప్పమ్మా. అలాగని ఆవిర్లకో, నిద్రకో మందుల షాపులో అడిగి కొనుక్కోవద్దు. మనసు కుదుటపడడానికి ఇచ్చే పారోక్సెటిన్ వంటి కొన్ని మాత్రలు టామాక్సిఫెన్ పనిని తగ్గిస్తాయి. మాత్ర ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా మీ డాక్టరే చెప్పాలి.

మీ అమ్మాయి చదివింది అబద్ధం కాదు. పాలీకాప్రోలాక్టోన్ అనే పదార్థంతో, 3డీ ప్రింటింగ్‌లో జల్లెడలాంటి గూడు తయారుచేసి, అందులో మన కొవ్వు నింపుతారు. గూడు మెల్లగా కరుగుతుంది, కొవ్వు నిలబడుతుంది. ఆస్ట్రేలియాలో మనుషుల మీద పరీక్షలు జరిగాయి. మాఘంలోపు వెళ్లి పెట్టించుకునే వైద్యంగా మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఇంప్లాంట్‌కు ఆసరాగా పెట్టే చర్మపు పొరల్లో కొన్నింటితో సమస్యలు ఎక్కువ కావచ్చని 2021లో అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ హెచ్చరించింది. గరుకు పైపొర ఉన్న కొన్ని ఇంప్లాంట్లను లింఫోమా అనే అరుదైన క్యాన్సర్ కారణంగా 2019లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. కొత్తది అన్నంత మాత్రాన మంచిది అనుకోవద్దని చెప్పడానికే ఇదంతా.

పైగా మీకు రేడియేషన్ ఇచ్చారు. ఆ చర్మం కింద సిలికాన్ పెడితే చుట్టూ పొర గట్టిపడి బిగుసుకుపోవడం, చీము పట్టడం ఎక్కువ. అందుకే మీలాంటి వారికి పొట్ట దగ్గరి కొవ్వు, చర్మంతోనో, వీపు కండతోనో రొమ్ము చేయడం గురించి ప్లాస్టిక్ సర్జన్లు ముందు ఆలోచిస్తారు. ఏళ్లు గడిచాక కూడా చేయించుకోవచ్చు, తొందరేమీ లేదు. షుగర్ ఉంటే ముందు అదుపులోకి తెచ్చుకోవాలి.

పెళ్లిలో జాకెట్టు సరిగా కూర్చోవాలంటే ఆపరేషన్ అక్కర్లేదు. జేబు ఉన్న బ్రాలో పెట్టుకునే సిలికాన్ ప్యాడ్లు దొరుకుతాయి. మన ఉక్కకు దూదితో నింపిన నూలు అల్లికవి హాయిగా ఉంటాయి.

మరొకటి, మీరు అడగలేదు గానీ చెప్పాలి. చంకలో గ్రంథులు తీసి ఉంటే షెడ్డులో కుడిచేతికి గ్లవ్ లేకుండా రొయ్య ముట్టుకోకండి. తల మీది ముల్లు గుచ్చుకుంటే ఆ చేతికి ఇన్ఫెక్షన్ త్వరగా పాకుతుంది. చెయ్యి ఎర్రబడి జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. చెయ్యి వాచి బరువుగా ఉందని నీరు లాగే మాత్రలు వేసుకోవద్దు, ఆ వాపుకు అవి పనిచేయవు.

వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితం, ఈఆర్, పీఆర్, హెర్2 (జబ్బు ఏ రకమో చెప్పే పరీక్షలు) రాసి ఉన్న బయాప్సీ రిపోర్టు, రేడియేషన్ కార్డు తీసుకెళ్లండి. మాత్ర ఏ నెలలో మానేశారో కూడా దాచకుండా చెప్పండి.