సెషన్ నిలిచినా రూట్లు రాకపోతే: మేనల్లుడికి ఒక లేఖ

నెల్లూరు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నెల్లూరు, ఒంగోలు సర్వర్ల మధ్య బీజీపీ (నెట్‌వర్కులు తమ రూట్లను, అంటే దారులను, ఒకదానికొకటి చెప్పుకొనే పద్ధతి) సెషన్ ఎస్టాబ్లిష్డ్ అని చూపుతున్నా ఇక్కడి రూట్లు అక్కడికి చేరడం లేదని రాశావు. సెషన్ నిలిచిందంటే టీసీపీ 179 పోర్టు మీద ఇరువైపులా సంభాషణ కుదిరిందని మాత్రమే అర్థం. ఏ రూటును పంపాలి, దేనిని స్వీకరించాలి, స్వీకరించినదానిని, ప్యాకెట్లను నిజంగా పంపే లైనక్స్ కెర్నెల్‌కు అప్పగించాలా అన్నవి ఆ తరువాత విడివిడిగా జరిగే నిర్ణయాలు. అందువల్ల కాన్ఫిగరేషన్‌ను తోచినట్లు మార్చకుండా, రాని రూట్లలో ఒక్కదానిని ఎంచుకుని, అది పుట్టినచోటి నుంచి ఎంతవరకు వచ్చి ఆగిందో చూడు.

నెట్‌వర్క్ అనే ఆదేశంతో ప్రకటించే ప్రిఫిక్స్ (ఐపీ చిరునామాల సమూహం), దిగుమతి తనిఖీ (ఇంపోర్ట్ చెక్) అమలులో ఉన్నప్పుడు, అదే మాస్కుతో (గీత తరువాతి సంఖ్యతో) రూటింగ్ టేబుల్‌లో కూడా ఉండాలి. 10.20.0.0/16 అని రాసి, టేబుల్‌లో 10.20.5.0/24 ఒక్కటే ఉంటే ప్రకటన బయలుదేరదు. ఆపైన నెల్లూరు సర్వరులో ఒంగోలు పొరుగుకు సంబంధించిన అడ్వర్టైజ్డ్ రూట్స్ జాబితా చూడు. అందులో ఆ రూటు లేకపోతే ఒంగోలులో వెతికి ప్రయోజనం లేదు.

రెండు వైపులా వేర్వేరు ఏఎస్ (ఒకే యాజమాన్యం కింద నడిచే నెట్‌వర్క్) నంబర్లు ఉన్నాయన్నావు గనుక నాకు మొదట అనుమానం కలిగేది పాలసీ, అంటే ఏ రూట్లను ఇవ్వాలి, పుచ్చుకోవాలి అనే నియమాల మీదనే. 2017లో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 8212 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ప్రకారం, స్పష్టమైన పాలసీ లేని ఈబీజీపీ (వేరే ఏఎస్‌తో నడిచే బీజీపీ) పొరుగుతో రూట్లు ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు. లైనక్స్‌లో బీజీపీని నడిపే ఎఫ్ఆర్ఆర్ అనే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్లు సాధారణ ప్రొఫైల్‌లో దీనిని తమంతట తామే పాటిస్తాయి. కాబట్టి పాత సర్వరులో చక్కగా నడిచిన ఫైలునే కొత్తదానికి ఎక్కించినప్పుడు సెషన్ లేస్తుంది, రూట్లు మాత్రం రావు. బీజీపీ సమ్మరీ ఆదేశం చూపే పట్టికలో ప్రిఫిక్సుల సంఖ్య ఉండవలసిన చోట బ్రాకెట్లలో పాలసీ అని కనబడితే కారణం ఇదే. ఒక్క ఆదేశంతో ఈ నియమాన్ని తొలగించవచ్చని చాలామంది చెబుతారు. నీవు ఆ పని చేయవద్దు. రెండు దిశలకూ ప్రిఫిక్స్ లిస్టులు రాసి, రూట్ మ్యాప్‌తో (రూట్లను వరుసగా సరిచూసే నియమాల జాబితాతో) జోడించు. పొరపాటున డిఫాల్ట్ రూటు (వేరే దారి తెలియని ప్యాకెట్లన్నీ పోయే దారి) అవతలికి పోకుండా నిన్ను కాపాడేది అదే. రూట్ మ్యాప్‌లో దేనికీ సరిపోలని రూటు చివరకు నిరాకరణకే గురవుతుందని గుర్తుంచుకో. మార్పు చేశాక సెషన్ తెంచకుండా సాఫ్ట్ క్లియర్ చేస్తే, అంటే కొత్త పాలసీని రూట్లకు మళ్లీ వర్తింపజేస్తే, చాలు.

రేపు కావలిలో మూడో సర్వరు పెట్టి మూడింటినీ ఒకే ఏఎస్‌లో చేరిస్తే, నెల్లూరు నుంచి విన్న రూటును కావలి ఒంగోలుకు చెప్పదు. ఐబీజీపీ, అంటే ఒకే ఏఎస్ లోపలి బీజీపీ, స్వభావమే అది. అప్పుడు ప్రతి సర్వరూ మిగిలిన రెండింటితో నేరుగా పీరింగ్ చేయాలి, లేదా కావలిని రూట్ రిఫ్లెక్టర్ (ఒకరి నుంచి విన్న రూట్లను మిగిలినవారికి చెప్పే సర్వరు) చేయాలి.

ఒంగోలు బీజీపీ టేబుల్‌లో రూటు ఉండి కూడా ఎంపిక కాకపోతే నెక్స్ట్ హాప్ (ప్యాకెట్‌ను తరువాత అందించవలసిన చిరునామా) చేరగలిగేదో కాదో చూడు. బయటి ఏఎస్ నుంచి వచ్చిన నెక్స్ట్ హాప్ ఐబీజీపీలో మామూలుగా మారదు గనుక, సరిహద్దు సర్వరులో, తన చిరునామానే నెక్స్ట్ హాప్‌గా చెప్పించే నెక్స్ట్ హాప్ సెల్ఫ్ పెట్టవలసి వస్తుంది. ఎంపికైన రూటు లైనక్స్‌లోకి దిగిందో లేదో ఐపీ రూట్ షో ప్రోటో బీజీపీ అనే ఆదేశం చెబుతుంది. అక్కడ కూడా రూటు ఉండి ప్యాకెట్లు దాటకపోతే బీజీపీని వదిలి, ప్యాకెట్లను ముందుకు పంపనిచ్చే ఐపీ ఫార్వర్డ్ విలువ 1గా ఉందో లేదో, వెళ్లే దారి, వచ్చే దారి వేరైనప్పుడు, ప్యాకెట్ వచ్చిన దారి సరైనదో కాదో చూసే ఆర్‌పీ ఫిల్టర్ అడ్డుపడుతోందేమో పరిశీలించు. ఇన్ని చూశాక కూడా రూటు దొరకకపోతే, రెండు సర్వర్ల సమ్మరీలనూ ఆ ఒక్క ప్రిఫిక్స్ వివరాలనూ నాకు పంపు.

నీ మామయ్య