పత్రాలు సాక్షులు, వాదించాల్సింది నువ్వు

నల్లకుంట, హైదరాబాద్

కన్నా,

నువ్వు రాయబోయే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే అమెరికా కాలేజ్ బోర్డు పెట్టే పరీక్ష) వరల్డ్ హిస్టరీ కోసం రాసిన వ్యాసం మీ అమ్మ ప్రింటు తీసి ఇచ్చి వెళ్లింది. అదే, ప్రశ్నతో పాటు ఏడు చారిత్రక పత్రాలు ఇచ్చి, వాటి ఆధారంగా వాదించమనే వ్యాసం. రాత్రి రెండుసార్లు చదివాను. నీకు విషయం బాగా తెలుసు, అందులో నాకు అనుమానం లేదు. కానీ మేలో పరీక్షలో ఇలాగే రాస్తే తెలిసినదానికి తగ్గ మార్కులు రావు. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పినదాన్ని. నొచ్చుకోకుండా చదువు.

ప్రశ్న, రైల్వేలు సామ్రాజ్యాల విస్తరణకు ఎంతవరకు తోడ్పడ్డాయి అని. నువ్వేం చేశావు? ‘మొదటి పత్రంలో ఇలా ఉంది, రెండో పత్రంలో ఇలా ఉంది’ అంటూ ఏడు దాకా వెళ్లావు. క్లాసులో హాజరు పిలిచినట్టుంది. ఏడుగురూ పలికారు, నువ్వు మాత్రం ఎక్కడా పలకలేదు. కోర్టులో వకీలు సాక్షులను పిలుస్తాడు కదా, వాళ్లు వచ్చిన వరసలో వాళ్లకు మైకు ఇచ్చి కూర్చోడు. తన వాదనకు ఎవరు ఎప్పుడు కావాలో చూసి పిలుస్తాడు. నువ్వూ అంతే చెయ్యాలి.

అందుకే ముందు ఒక మాట తేల్చుకో. ‘రైల్వేలు చాలా ప్రభావం చూపాయి’ అని రాశావు. దాన్ని ఎవరు కాదంటారు? ఎవరూ కాదనలేని మాట వాదన కాదు. ఇలా అని చూడు: ‘సైన్యాన్నీ సరుకునూ వేగంగా కదిలించి రైల్వేలు బ్రిటిష్ పట్టును బిగించాయి. అయితే ఆ పట్టును ప్రశ్నించేవాళ్లను కూడా అవే పుట్టించాయి.’ ఇప్పుడు నీ పేరాలు వాటంతటవే విడిపోతాయి. సైన్యానికొకటి, వ్యాపారానికొకటి, వ్యతిరేకతకొకటి. ఏ పత్రం ఎక్కడ కూర్చోవాలో నీకే తెలుస్తుంది. ఒకే పేరాలో రెండు పత్రాలు ఒకదానికొకటి బలం ఇస్తేనో, ఢీకొంటేనో ఇంకా మంచిది.

అసలు చిక్కు పత్రాన్ని చదవడంలో ఉంది. డల్హౌసీ 1853లో రాసిన మినిట్ (అధికారికంగా తన అభిప్రాయం చెప్పే నోట్) గురించి ‘ఈయన గవర్నర్ జనరల్ కాబట్టి పక్షపాతం ఉంది’ అని రాసి వదిలేశావు. పక్షపాతం లేనివాళ్లెవరురా? అది నీ వాదనకు ఏం చేసిందో చెప్పాలి. ఆయన రాసింది లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లకు. రైలు కట్టాలంటే వాళ్లను ఒప్పించాలి. వాళ్లకు ఏది ముఖ్యం? సైన్యాన్ని త్వరగా తరలించడం, పత్తి లాంటి సరుకు రేవులకు చేరడం. అందుకే ఆయన వాటినే ముందుకు తెచ్చాడు. అంటే రైలు మొదటి నుంచీ ఎవరి అవసరం కోసమో ఆ పత్రమే ఒప్పుకుంటోంది. చూశావా, ‘పక్షపాతం’ అని కొట్టిపారేసిన మాటే నీకు పెద్ద సాక్ష్యమైంది.

గాంధీగారి పత్రమూ అంతే. హింద్ స్వరాజ్ 1909లో లండన్ నుంచి దక్షిణాఫ్రికాకు ఓడలో వెళ్తూ గుజరాతీలో రాసింది. రైళ్లు లేకపోతే ఇంగ్లిష్‌వాళ్లకు ఇంత పట్టు చిక్కేది కాదు, ప్లేగు ఇంతగా పాకేది కాదు అన్నారు. ఆయన చదివించాలనుకున్నది భారతీయులను, అందులోనూ తుపాకీతో స్వరాజ్యం వస్తుందనుకునే యువకులను. కంపెనీ డైరెక్టర్లను కాదు. వినేవాళ్లు మారితే మాట మారుతుంది.

ఇది ఇంట్లోనే చూపిస్తాను. మీ తాతయ్య ఉస్మానియా హాస్టల్లో ఉన్నప్పటి ఉత్తరాలు నా ట్రంకు పెట్టెలో ఉన్నాయి. వాళ్ల నాన్నకు రాసినదాంట్లో మెస్ బిల్లు పెరిగింది, పుస్తకాలు కొనాలి, డబ్బు పంపండి అని ఉంది. అదే వారం స్నేహితుడికి రాసినదాంట్లో ఆబిడ్స్‌లో చూసిన సినిమా కబుర్లు. రెండూ నిజమే. ఒక్క ఉత్తరమే దొరికి ఉంటే మీ తాతయ్య గురించి మనం ఎంత తప్పుగా అనుకునేవాళ్లమో ఆలోచించు. పరీక్షలో కనీసం రెండు పత్రాల దగ్గర ఇలా ఆగు: ఎవరు, ఎవరితో, ఎందుకు, ఎప్పుడు. నాలుగూ అక్కర్లేదు, ఒకటి గట్టిగా పట్టుకుంటే చాలు.

మార్కులు మొత్తం 7. వాదనకు 1, నేపథ్యానికి 1, పత్రాలు వాడినందుకు 2, బయటి సాక్ష్యానికి 1, పత్రం వెనకున్న మనిషిని చూసినందుకు 1, లోతుగా ఆలోచించినందుకు 1. మొత్తం పరీక్షలో ఈ ఒక్క వ్యాసానికే 25 శాతం. పత్రాల 2 మార్కులూ రావాలంటే కనీసం నాలుగు నీ వాదనకు పనికి రావాలి. నేపథ్యం మూడు నాలుగు వాక్యాలు చాలు. నువ్వు ఆవిరి యంత్రం దగ్గర మొదలుపెట్టి ఒక పేజీ తినేశావు.

బయటి సాక్ష్యం అంటే పత్రాల్లో లేనిది. నువ్వు అది అసలు రాయలేదు, నాకు అదే బాధ. మన ఊళ్లోనే ఉంది కదా! వాడి అనే ఊరి (ఇప్పుడు కర్ణాటకలో ఉంది) నుంచి సికింద్రాబాద్‌కు 1874లో రైలు లైను వచ్చింది. డబ్బు నిజాముది, చేరింది బ్రిటిష్ కంటోన్మెంట్ ఉన్న చోటికి. 1883లో చాందా (ఇప్పటి మహారాష్ట్రలోని చంద్రపూర్) రైల్వే పథకం వచ్చినప్పుడు దాన్ని బాహాటంగా వ్యతిరేకించినందుకు అఘోరనాథ్ చటోపాధ్యాయను హైదరాబాద్ నుంచి పంపించేశారు. సరోజినీ నాయుడు తండ్రి ఆయన. ఈ రెండు ముక్కలూ నీ వ్యాసంలో పెడితే ఎంత బలం! సంస్థానం డబ్బుతోనే సామ్రాజ్యం ఎలా పెరిగిందో ఒకటి చెబుతుంది, రైలే నిరసనను ఎలా పుట్టించిందో రెండోది చెబుతుంది. అయితే ఊరికే పేరు విసిరేస్తే సరిపోదు, నీ మాటకు అది ఎలా ముడిపడుతుందో ఒక వాక్యం రాయాలి.

టైము 60 నిమిషాలు. అందులో మొదటి 15 చదవడానికి. ల్యాప్‌టాప్ ముందు కూర్చోగానే వేళ్లు టైపు చేయమని తొందరపెడతాయి. పక్కవాళ్ల కీబోర్డుల చప్పుడు వింటే టెన్షన్ పడతావని నాకు తెలుసు. ఆ 15 నిమిషాలు మాత్రం ఎవరికీ ఇవ్వకు. రఫ్ కాగితం మీద మూడు గడులు గీసి, ఏ పత్రం ఏ గడిలోకో నంబరు వెయ్యి. ఏదీ ఇమడకపోతే పక్కన పెట్టెయ్, ఏడూ వాడాలని రూలు లేదు. అర్థం కాని పత్రం గురించి తప్పు రాయడం కన్నా వదిలెయ్యడం మేలు.

ఇప్పుడు మొత్తం వ్యాసం మళ్లీ రాయకు, విసుగొస్తుంది. ఆ డల్హౌసీ పేరా ఒక్కటి తిరగరాయి, వాడి-సికింద్రాబాద్ లైను సంగతి అందులో కలుపు. శుక్రవారంలోగా అమ్మ వాట్సాప్‌కి పంపు. ఆదివారం వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని చూద్దాం. తాతయ్య ఉత్తరాలు కూడా తీసి ఉంచుతాను.

ఆశీస్సులతో,
అమ్మమ్మ