గొంతు పెంచనక్కర్లేదు, లెక్క గట్టిగా ఉంటే చాలు
వ్యాపారం: మీ ప్రశ్నలు, మా జవాబులు

హైదరాబాద్‌లో చిన్న వ్యాపారాలు నడుపుతున్న మహిళల దగ్గర్నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఒకే బెంగ కనిపించింది. "నాది మెత్తటి స్వభావం. పోటీలో నిలబడాలంటే మారిపోవాల్సిందేనా?" అని. అక్కర్లేదన్నదే మా గట్టి నమ్మకం. మీ తీరు మీదే, మీ మాట మీదే. గట్టిదనమంతా లెక్కలోనూ రసీదులోనూ ఉండాలి. అదెలాగో ఈ కింది జవాబుల్లో వివరంగా చెబుతున్నాం.

ప్రశ్న: ఇంట్లోనే పొడులు చేసి అమ్ముతున్నాను. పావుకిలో కందిపొడి 140 రూపాయలు. మా వీధి చివర ఇంకొకరు 105కే ఇస్తున్నారు. పప్పు నాణ్యత తగ్గించడానికి నాకు మనసొప్పదు. రేటు తగ్గించమని ఇంట్లో పోరు పెడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కొంపల్లి

జవాబు: ముందు మీ ప్యాకెట్ మీకు ఎంతకు పడుతోందో తేల్చుకోండి. పది కిలోల పొడికి ఒక నమూనా లెక్క ఇస్తున్నాం, ఇందులో మీ రేట్లు వేసుకోండి. పప్పులు, మిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు అన్నీ కలిపి 11 కిలోల సరుకుకు 1,900 రూపాయలు అయిందనుకుందాం. వేయించేటప్పుడు తేమ పోతుంది, మిక్సీ జార్‌కో గిర్నికో కొంత అంటుకుంటుంది. చివరికి చేతికొచ్చేది 10 కిలోలు, అంటే 40 ప్యాకెట్లు. ప్యాకెట్‌కు సరుకు ఖర్చు 47.50. కవరు, లేబుల్ 9. గ్యాసు, కరెంటు 4. సాయానికి వచ్చే మనిషికి రోజుకూలి 600, అంటే ప్యాకెట్‌కు 15. మీ సొంత కూలి రోజుకు 800, అంటే 20. రుచి చూపించినవీ పాడైనవీ కలిపి 4. మొత్తం 99.50.

ఈ లెక్కలో చాలామంది రెండు చోట్ల తప్పుతారు. ఒకటి, 11 కిలోలు కొన్నాం కాబట్టి 44 ప్యాకెట్లు వస్తాయనుకుంటారు. రెండు, తమ కూలి వేసుకోరు. "ఇంట్లో ఉండి చేసేదే కదా" అని ఆ 20 రూపాయలు వదిలేస్తే, రేపు ఆర్డర్లు పెరిగి ఇంకొకరిని పెట్టుకోవాల్సి వచ్చినప్పుడు ఆ జీతం ఎక్కడినుంచి తెస్తారు?

ఇప్పుడు పోటీ రేటు చూడండి. 105కి మీరే నేరుగా అమ్మితే 5.50 మిగులుతుంది. దుకాణంలో పెట్టి వాళ్ళకు 25 శాతం ఇస్తే మీ చేతికొచ్చేది 78.75. అంటే ప్యాకెట్‌కు 20 రూపాయల పైనే నష్టం. కాబట్టి 105 వైపు చూడనే వద్దు. అసలు మీ 140 కూడా దుకాణానికి సరిపోయే రేటు కాదు. 25 శాతం పోతే 105 వస్తుంది, మిగిలేది అదే 5.50. అపార్ట్‌మెంట్ స్టాళ్ళలో, వాట్సాప్‌లో మీరే అమ్ముకున్నన్నాళ్ళు 140 బాగుంది. దుకాణాల్లోకి వెళ్ళాలంటే ఎమ్మార్పీ 165 దగ్గర మొదలుపెట్టండి. ఒకే ప్యాకెట్‌కు రెండు రేట్లు పెట్టకండి. దుకాణదారుకు తెలిసిన రోజే మీ సరుకు వెనక్కి వస్తుంది.

"మీది ఎక్కువ" అనేవాళ్ళ కోసం 100 గ్రాముల ప్యాకెట్ 65 రూపాయలకు తీసుకురండి. చిన్న ప్యాకెట్లకు నింపే పని ఎక్కువ. అందుకని పై పద్ధతిలోనే రోజున్నర కూలి వేసి చూస్తే ఖర్చు 53 రూపాయల లోపే వస్తుంది. కొత్తవాళ్ళు 65 పెట్టి రుచి చూస్తారు, మీరు నష్టపోరు.

నాణ్యత విషయంలో పట్టు వదలకండి, కానీ అది కొనేవాళ్ళకు కనబడాలి. "స్వచ్ఛమైనది", "అమ్మ చేతి రుచి" అని అందరూ వేస్తారు. మీరు వేయించిన తేదీ పెద్ద అక్షరాల్లో వేయండి. పొడి దంచాక పూర్తిగా చల్లారేదాకా వెడల్పాటి పళ్ళెంలో ఆరబెట్టి, ఆ తర్వాతే ప్యాక్ చేయండి. వేడి మీద కట్టేస్తే కవరు లోపల ఆవిరి చేరి పొడి గడ్డకడుతుంది, వారం తిరక్కుండా ముక్కవాసన వస్తుంది. వెల్లుల్లి వేసినదీ వేయనిదీ విడివిడిగా చేసి, వెల్లుల్లి పొడికి తక్కువ గడువు రాయండి. ధ్రువపత్రం లేకుండా "ఆర్గానిక్" అన్న మాట మాత్రం లేబుల్ మీద వేయొద్దు. లేబుల్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు, శాకాహార గుర్తు, వాడిన దినుసులు, నికర బరువు, అన్ని పన్నులతో కలిపి ఎమ్మార్పీ, తయారీ తేదీ, గడువు, మీ చిరునామా, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలి. వేరుశెనగ కలిపే పొడులుంటే అలెర్జీ హెచ్చరిక కూడా వేయాలి.

జీఎస్టీ గురించి ఒక మాట. సరుకులు అమ్మేవాళ్ళకు చాలా రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ పరిమితి 40 లక్షల టర్నోవర్. తెలంగాణలో మాత్రం 20 లక్షలే. విజయవాడలో ఉన్న బంధువుల లెక్క మీకు వర్తించదు. పన్ను పడే సరుకును రాష్ట్రం దాటించి అమ్మితే, టర్నోవర్ ఎంత తక్కువైనా సాధారణంగా రిజిస్ట్రేషన్ తప్పదు. బెంగళూరుకు కొరియర్ మొదలుపెట్టే ముందే మీ అకౌంటెంట్‌తో మాట్లాడండి.

ప్రశ్న: మగ్గం వర్క్ బొటిక్ నడుపుతున్నాను. ఎవరైనా "అక్కా, మనవాళ్ళమే కదా" అంటే కాదనలేను. బేరం చేసి తగ్గించేస్తారు, పని సగంలో డిజైన్ మారుస్తారు, మిగతా డబ్బు పెళ్ళయ్యాక ఇస్తామంటారు. గట్టిగా మాట్లాడటం నాకు చేతకాదు.
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: గట్టిగా మాట్లాడొద్దు. మీ కస్టమర్లు మళ్ళీ మళ్ళీ రావడానికి ఆ మెత్తదనమే కారణం కావచ్చు, దాన్ని పోగొట్టుకోకండి. "కాదు" అనే పని రేట్ల కార్డుకూ ఆర్డర్ చీటీకీ అప్పగించండి.

ఒక బ్లౌజు తీసుకుందాం. వెనక మెడ, రెండు చేతుల మీద వర్క్. కారీగర్ల (మగ్గం పనివాళ్ళ) పని మొత్తం మూడు రోజుకూలీలు, 900 చొప్పున 2,700. పూసలు, జరీ, కుందన్లు 550. లైనింగ్‌తో కలిపి కుట్టుకూలి 700. అద్దె, కరెంటు, డిజైన్‌కు మీరు వెచ్చించే సమయం 900. మొత్తం 4,850. మీరు 5,800 చెప్పారు. ఆమె "4,500 చేసుకో అక్కా" అంటుంది. ఒప్పుకుంటే మీ జేబులోంచి 350 పెట్టి కుట్టినట్టు.

అప్పుడు రేటు తగ్గించకండి, పని తగ్గించండి. "చేతుల మీద బుటీలు తీసేద్దామా అండీ? 600 తగ్గుతుంది, 5,200 అవుతుంది" అని అడగండి. ఒక కారీగర్ అరరోజు కూలి 450, పూసలు ఓ వంద మిగులుతాయి కాబట్టి మీకు పెద్దగా పోయేదేమీ లేదు. చాలామంది బుటీలు ఉంచమనే అంటారు. రేటుకూ పనికీ ఉన్న సంబంధం వాళ్ళ కళ్ళకు కట్టినట్టు కనబడుతుంది, మీరు ఒక్క మాటా పరుషంగా అననక్కర్లేదు.

అడ్వాన్సు సగం తీసుకోవడం మన దగ్గర అలవాటు. ఈ పనికి అది చాలదు. కారీగర్ కూలి, సామాను కలిపి 3,250 మీరు ముందే పెట్టాలి, సగమంటే 2,900. అందుకే 60 శాతం తీసుకోండి, 3,480 అవుతుంది. మిగతాది ట్రయల్ రోజున. డెలివరీ రోజుకు పెట్టుకుంటే పెళ్ళి హడావుడిలో తమ్ముణ్ణో డ్రైవర్‌నో పంపుతారు, బాకీ అలాగే ఉండిపోతుంది.

డిజైన్ మార్పుకు హద్దు ఎక్కడంటే, ట్రేసింగ్ దగ్గర. సూదితో రంధ్రాలు పొడిచిన కాగితాన్ని గుడ్డ మీద పరిచి, కిరసనాయిల్‌లో కలిపిన పొడితో రుద్దితే చుక్కలు పడతాయి. పట్టు మీద ఆ చుక్కలు పూర్తిగా పోవు. దాని మీద ఇంకో డిజైన్ వేస్తే పాత చుక్కలు కుట్ల మధ్య తొంగిచూస్తాయి. "ట్రేసింగ్ అయ్యాక మార్పులు లేవు" అని చీటీలో అచ్చు వేయించండి. ట్రేసింగ్‌కు ముందు రోజు డిజైన్ ఫొటో, కొలతలు, ట్రయల్ తేదీ, డెలివరీ తేదీ వాట్సాప్‌లో పంపి "ఓకే" అని జవాబు వచ్చాకే గుడ్డను మగ్గానికి బిగించండి.

శ్రావణంలో, మాఘంలో అందరికీ తొందరే. "ఆ రోజుకు కుదరదండీ, 24కి ఇస్తాను" అని చెప్పి ఊరుకోండి. కారీగర్ ఊరెళ్ళాడు, కరెంటు పోయింది అంటూ కారణాలు చెబితే ఒక్కో కారణానికీ ఒక్కో పరిష్కారం చూపించి మిమ్మల్ని ఒప్పించేస్తారు.

బంధువులకు తగ్గింపు ఇవ్వాలనిపిస్తే అందరికీ ఒకే 5 శాతం అని పెట్టుకోండి. పిన్నికి ఒకటి, తోడికోడలి చెల్లెలికి ఒకటి పెడితే వ్యాపారంతో పాటు చుట్టరికమూ దెబ్బతింటుంది. ఎవరికైనా ఉచితంగా కుట్టిపెట్టాలని ఉంటే, అది కానుక అని చెప్పి మనస్ఫూర్తిగా ఇవ్వండి.

ప్రశ్న: మాది అట్టపెట్టెల యూనిట్, యజమానిని నేనే. కొనే కంపెనీ వాళ్ళు ఏ విషయమైనా "సార్‌తో మాట్లాడతాం మేడమ్" అంటారు. డబ్బు 90 రోజులకు గానీ రాదు. గొడవపడితే ఆర్డర్ పోతుందని భయం.
– ఒక పాఠకురాలు, జీడిమెట్ల

జవాబు: మొదటిదానికి మందు మీ ఇంట్లోనే ఉంది. మీ వారికి ఫోన్ వస్తే ఆయన రేటు గానీ తేదీ గానీ చెప్పకుండా "మేడమ్ చూస్తారండీ, ఆవిడకే చేయండి" అని పెట్టేయాలి. ఒక్కసారి ఆయన జవాబిచ్చినా మళ్ళీ మొదటికొస్తుంది. కొటేషన్లు, బిల్లులు మీ సంతకంతో, మీ ఈమెయిల్ నుంచే వెళ్ళాలి.

రెండోదానికి చట్టం మీ వైపు ఉంది. తయారీ యూనిట్ కాబట్టి ఉద్యమ్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ చేయించుకోండి. ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది, డబ్బు అడిగే ఏజెంట్లను నమ్మొద్దు. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు 45 రోజుల్లోపు చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. సరుకు అందిన 15 రోజుల్లో రాతలో అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. కేవలం కొని అమ్మే వ్యాపారులకు ఈ రక్షణ వర్తించదు, మీకు వర్తిస్తుంది.

వడ్డీ పేరెత్తితే సంబంధం చెడుతుందనుకుంటే ఇంకో దారి ఉంది. మీకు గడువులోగా చెల్లించని మొత్తాన్ని ఆ కంపెనీ ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేదు, చెల్లించిన ఏడాదిలోనే చూపించుకోవాలి. 2024-25 మదింపు సంవత్సరం నుంచి వచ్చిన నిబంధన ఇది. కాబట్టి ప్రతి బిల్లు మీదా ఉద్యమ్ నంబరు, చెల్లింపు గడువు తేదీ అచ్చు వేయించండి. ఫిబ్రవరి చివర్లో బాకీ బిల్లుల జాబితాను పర్చేజ్ వాళ్ళకు కాకుండా అకౌంట్స్ విభాగానికి మర్యాదగా ఈమెయిల్ చేయండి. పన్ను లెక్క చూసేది వాళ్ళే, కదలిక అక్కడే వస్తుంది. అయినా కదలకపోతే కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. అయితే ఒకే కంపెనీ మీద మీ అమ్మకాల్లో సగానికి పైగా ఆధారపడి ఉంటే, ముందు ఇంకో ఇద్దరు కొనుగోలుదారులను చూసుకుని ఆ పనికి దిగండి.

ప్రశ్న: బ్యాంకు రుణానికి వెళితే భర్త సంతకం, ఇంటి కాగితాలు అడుగుతున్నారు. 8 లక్షలు కావాలి.
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: సూక్ష్మ, చిన్న సంస్థలకు మీరు అడిగే స్థాయిలో ఇచ్చే రుణానికి ఆస్తి తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నియమం. కేంద్రం చిన్న వ్యాపారాలకు ఇచ్చే ముద్ర రుణ పథకంలో 5 నుంచి 10 లక్షల వరకు ఉన్న "తరుణ్" విభాగం మీకు సరిపోతుంది. దరఖాస్తులోనే సీజీటీఎంఎస్ఈ (చిన్న సంస్థల రుణాలకు బ్యాంకుకు హామీ ఇచ్చే ట్రస్టు) గ్యారంటీ కింద పరిశీలించమని రాయండి. ఆ గ్యారంటీ కింద ఇచ్చే రుణానికి మూడో వ్యక్తి హామీ అక్కర్లేదు. కాదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి, చాలాసార్లు ఆ మాటతోనే ఫైలు కదులుతుంది. వెళ్ళే ముందు వ్యాపారానికి వేరే కరెంట్ ఖాతా, కనీసం ఆర్నెల్ల లావాదేవీలు, ఉద్యమ్ ధ్రువపత్రం, ఐటీ రిటర్నులు, యంత్రాల కొటేషన్లు సిద్ధం చేసుకోండి. ఇంటి ఖర్చులూ వ్యాపారమూ ఒకే ఖాతాలో నడుస్తుంటే మీ రాబడి ఎంతో మేనేజరుకు అర్థం కాదు.

ప్రశ్న: నా పోటీదారులంతా రీల్స్‌లో కనిపిస్తున్నారు. నాకు కెమెరా ముందు మొహం చూపించడం ఇష్టం లేదు. వెనకబడిపోతానా?
– ఒక పాఠకురాలు, మల్కాజ్‌గిరి

జవాబు: ఇష్టం లేకపోతే చూపించకండి. కొనేవాళ్ళకు కావాల్సింది వస్తువు, చేసే చేతులు. కిటికీ పక్కన, పగటి వెలుతురులో, పైనుంచి ఫోన్ పెట్టి 20 సెకన్లు తీయండి. మొదటి మూడు సెకన్లలోనే పని జరుగుతూ ఉండాలి. పోపు చిటపటలాడే చప్పుడు, కుట్టు మిషన్ చప్పుడు అలాగే ఉంచండి. రేటు, బరువు, డెలివరీ ప్రాంతాలు తెర మీద రాయండి. "రేటు కోసం మెసేజ్ చేయండి" అని పెడితే సగంమంది అక్కడితో వదిలేస్తారు.

వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ పెట్టుకోండి. మీ నంబరు సేవ్ చేసుకోనివాళ్ళకు బ్రాడ్‌కాస్ట్ సందేశాలు చేరవు, కాబట్టి ప్రతి ప్యాకెట్‌లో "ఈ నంబరు సేవ్ చేసుకోండి" అని చిన్న చీటీ పెట్టండి. మీ మొహం బదులు జనానికి గుర్తుండాల్సింది పేరు కనుక, ట్రేడ్‌మార్క్‌కు ఇప్పుడే దరఖాస్తు చేయండి. వ్యక్తులకు ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి ప్రభుత్వ ఫీజు 4,500 రూపాయలు. మసాలాలు 30వ తరగతి, పచ్చళ్ళు 29, దుస్తులు 25. రిజిస్టరైతే పదేళ్ళు చెల్లుతుంది.

ఎదురుగా కూర్చుని సలహా అడగాలనుకునేవాళ్ళకు నగరంలో చోట్లున్నాయి. మహిళా వ్యాపారవేత్తల కోసం రాష్ట్ర ప్రభుత్వం 2018 మార్చి 8న ప్రారంభించిన వీ హబ్ ఒకటి. 1993 నుంచి పనిచేస్తున్న మహిళా పారిశ్రామికవేత్తల సంఘం అలీప్ మరొకటి, గాజులరామారంలో దానికి మహిళల పారిశ్రామికవాడే ఉంది. యూసఫ్‌గూడలోని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐ-ఎంఎస్ఎంఈ చిన్న పరిశ్రమల వాళ్ళకు శిక్షణ ఇస్తుంది. వెళ్ళేటప్పుడు మీ ఖర్చుల లెక్క, ఆరు నెలల అమ్మకాల పుస్తకం వెంట తీసుకెళ్ళండి.