ఆ పళ్లెం చివరికి ఏమవుతుంది?

ప్రశ్న: చిలీలోని ఆల్మా టెలిస్కోపు 2014లో తీసిన హెచ్‌ఎల్ టౌరి అనే పసి నక్షత్రం చిత్రంలో, దాని చుట్టూ వాయువూ ధూళీ పళ్లెంలా పరుచుకున్న చోట నల్లటి వలయాలు కనిపించాయి. అవి గ్రహాలు తొలిచిన దారులేనా? ఆ వాయువూ ధూళీ అంతా చివరికి గ్రహాలుగా మారుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: అంతా మారదు. అందులో ఎక్కువ భాగం నక్షత్రంలో పడిపోతుంది లేదా అంతరిక్షంలోకి ఎగిరిపోతుంది. గ్రహాలకు దక్కేది కొద్దిపాటి పదార్థమే.

ఈ పళ్లెం ద్రవ్యరాశిలో సుమారు 99 శాతం వాయువే, మిగిలినది ధూళి. మొదట పొగలోని రేణువులంత ఉండే ఈ ధూళి ఒకదానికొకటి అంటుకుంటూ గులకరాళ్లంత అవుతుంది, అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. వాయువుకు దాని పీడనమే కొంత ఆసరా ఇస్తుంది కనుక అది నక్షత్రం చుట్టూ కాస్త నెమ్మదిగా తిరుగుతుంది. ఆ ఆసరా లేని రాయి మాత్రం వేగంగా తిరగవలసి వస్తుంది కనుక, ఎదురుగాలిలో సైకిలు తొక్కే మనిషిలా నిరంతరం వేగం కోల్పోతూ లోపలికి జారిపోతుంది. సూర్యుడి నుంచి భూమి ఉన్నంత దూరంలో మీటరు వెడల్పు బండ ఉంటే, అది సుమారు నూరేళ్లలోనే నక్షత్రంలో పడిపోగలదని లెక్కలు చెబుతున్నాయి. పీడనం ఎక్కువగా ఉన్న వలయాల్లో ఈ జారుడు ఆగి రాళ్లు పోగుపడతాయనీ, ఆ గుంపులే తమ గురుత్వంతో కుదించుకుపోయి కిలోమీటర్ల కొద్దీ పెద్దవైన శకలాలు అవుతాయనీ శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

మీరు చూసిన నల్లటి వలయాలకు గ్రహాలు కారణం కావచ్చు, కానీ అయస్కాంత క్షేత్రాల వంటి ఇతర కారణాలతోనూ అలాంటివి ఏర్పడగలవు కనుక ప్రతి ఖాళీనీ గ్రహం ఖాతాలో వేయకూడదు. సందేహం లేని ఉదాహరణ సుమారు 370 కాంతి సంవత్సరాల దూరంలోని పీడీఎస్ 70 అనే నక్షత్రం. దాని పళ్లెంలోని విశాలమైన ఖాళీలో 2018లో ఒక గ్రహం, మరుసటి ఏడాది రెండోది దొరికాయి. ఇంకా వాయువును పోగుచేసుకుంటూ ఉన్న గ్రహాలను ఇలా నేరుగా చూడగలగడం ఖగోళశాస్త్రానికి దక్కిన గొప్ప అదృష్టమని నేను నమ్ముతాను.

వాయువు మాత్రం ఎక్కువ కాలం ఆగదు. కొంత నక్షత్రంలోకి ప్రవహిస్తుంది, కొంత అయస్కాంత క్షేత్రాల వెంట గాలిగా వీస్తుంది, మరికొంత అతినీలలోహిత, ఎక్స్ కిరణాలకు వేడెక్కి ఆవిరిలా లేచిపోతుంది. లోపలికి పారే వాయువు బాగా తగ్గాక, పళ్లెం నడిమి నుంచి బయటికి త్వరగా ఖాళీ అవుతుంది. 10 లక్షల ఏళ్ల వయసున్న నక్షత్రాల్లో చాలావాటికి పళ్లెం ఉంటుంది, కోటి ఏళ్లు నిండినవాటిలో అది అరుదు. బృహస్పతి వంటి వాయు గ్రహం ఆ లోపే తన పని ముగించుకోవాలి.

సుమారు 63 కాంతి సంవత్సరాల దూరంలోని బీటా పిక్టోరిస్ అనే నక్షత్రం చుట్టూ 1984లో చిత్రించిన పళ్లెం ఈ తరహాది కాదు. దాని వయసు 2 కోట్ల ఏళ్లకు పైమాటే, అందులోని ధూళి తోకచుక్కల వంటి శకలాలు ఒకదానినొకటి ఢీకొని పిండి కాగా పుట్టినది. మన సూర్యుడి చుట్టూ కూడా అలాంటి పలుచని ధూళి ఉంది. ఊరి దీపాలకు దూరంగా, చంద్రుడు లేని రాత్రి, తెల్లవారుజామున వెలుగు రాకముందు తూర్పు దిక్కున పైకి సన్నబడుతూ లేచే మసక కాంతి ఆ ధూళిదే.