విశాఖలో ఏసీ గదిలో పడుకుంటే పొద్దున్నే తలబరువు, ముక్కిన వాసన ఎందుకు?

మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, ఉన్న గాలినే తిప్పి చల్లబరుస్తుంది. తలుపులు బిగించి ఇద్దరు పడుకుంటే కార్బన్ డయాక్సైడ్ కొద్ది గంటల్లోనే 1000 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో వెయ్యి భాగాలు) దాటుతుంది. తలబరువుకి అదో కారణం. హాలు వైపు తలుపు రెండంగుళాలు తెరిచి ఉంచండి. బయటి కిటికీ తీస్తే సముద్రపు తేమ నేరుగా లోపలికొస్తుంది.

వాసన ఆ తేమ వల్లే. మన తీరంలో అసలు శత్రువు అదే. హైగ్రోమీటర్ (గాలిలో తేమ కొలిచే పరికరం) పెట్టి చూడండి: తేమ 60 శాతం పైనే రోజుల తరబడి ఉంటే గోడలకు బూజు పడుతుంది, ఏసీలో డ్రై మోడ్ (తేమ తీసే సెట్టింగ్) వేయండి. బీరువాను గోడకు నాలుగంగుళాలు దూరం జరపండి. ఫిల్టర్ రెండు వారాలకోసారి కడిగి, పూర్తిగా ఆరాకే బిగించండి. ఏసీ నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ పైపు మూసుకుపోయినా ట్రేలో నీళ్లు నిలిచి అదే వాసన. మూసిన గదిలో దోమల చుట్ట మాత్రం అస్సలు వెలిగించొద్దు.