కామిక్స్ వీరవనితల పాదాల కింద నేల ఎందుకు కనబడదు?

సూపర్‌హీరో కామిక్స్‌లో మగవాళ్ళ శరీరాలూ అసహజంగానే ఉంటాయి కదా, మరి ఆడవాళ్ళ బొమ్మల మీదే ఇంత అభ్యంతరం ఎందుకని మీరు అడిగారు. బొమ్మలు వేసి బతుకుతున్నవాణ్ణి, అంతకు ముందు చాలా ఏళ్ళు ఆ కామిక్స్ చూసే గీత దిద్దుకున్నవాణ్ణి కనుక, చిత్రకారుడి వైపు నుంచి నాకు తెలిసింది చెబుతాను. మీరన్నదానిలో నిజం ఉంది. ఇద్దరి శరీరాలూ అతిశయోక్తులే. అయితే ఈ చర్చకు దిగినవాళ్ళు చాలామంది ఛాతీ కొలతల దగ్గరా బట్టల పొదుపు దగ్గరా ఆగిపోతారు గాని, నన్నడిగితే ముందు పాదాలను చూడమంటాను. బొమ్మలోని మనిషి బరువు ఎక్కడ పడుతోందో పాదాలే చెబుతాయి.

1990ల చివర హనుమకొండ నుంచి చదువు కోసం హైదరాబాదు వచ్చిన కొత్తలో, ఆదివారం పొద్దున ఆబిడ్స్‌లో మూసి ఉన్న దుకాణాల ముందు పరిచే పాత పుస్తకాల్లో అమెరికన్ కామిక్స్ ఏరుకోవడం నాకొక వ్యసనం. అట్ట చిరిగినవీ, మధ్యలో పేజీలు పోయినవీ చవకగా దొరికేవి. వాటిని చూసి ఒక లావుపాటి నోటుపుస్తకం నిండా బొమ్మలు దించి, సెలవులకు ఇంటికి పట్టుకుపోయి, అందరికీ చూపించుకున్నాను. అప్పటికే జిల్లా స్థాయిలో జూడో ఆడుతున్న నా చెల్లెలు ఒక పేజీ దగ్గర ఆగింది. ఆ బొమ్మలో ఒక వీరవనిత మునివేళ్ళ మీద నిలబడి ఎదుటివాణ్ణి గుద్దబోతోంది. వీపు మన వైపు ఉంది, ఛాతీ కూడా సగం మన వైపే తిరిగింది, ముఖమైతే పూర్తిగా మనకేసే ఉంది. "అన్నా, ఈమె కొట్టేది ముందటోణ్ణి గదా, చూసేది మన దిక్కెందుకు?" అని అడిగి, అలా నిలబడడానికి తనే ప్రయత్నించింది. నడుము దగ్గరకు వచ్చేసరికి శరీరం ఇక తిరగలేదు. "ఇట్ల నిలబడితే ఎవరన్న వేలుతోని నెట్టినా పడిపోత" అని, ఎటు పడుతుందో చూపిస్తూ నా బొమ్మ పక్కనే పెన్సిలుతో ఒక బాణం గుర్తు వేసింది. అది స్టైల్ అని వాదించాను గాని, ఆ బాణం నన్ను చాలాకాలం వదలలేదు.

అతిశయోక్తికీ ఒక కొలత ఉంటుంది. మన శిల్పులు ముఖం పొడవును ప్రమాణంగా పెట్టుకుని విగ్రహం ఎత్తును నిర్ణయించే తాలమానం వంటిదే అమెరికన్ కామిక్స్‌లోనూ ఉంది. మార్వెల్ కామిక్స్ కథకుడు స్టాన్ లీ, చిత్రకారుడు జాన్ బుసెమా కలిసి 1978లో తెచ్చిన చిత్రకళా పాఠ్యపుస్తకం ప్రకారం, మామూలు మనిషి ఎత్తు ఆరున్నర తలలైతే వీరుడి ఎత్తు ఎనిమిదీ ముప్పావు తలలు. స్త్రీ దగ్గరకు వచ్చేసరికి మాత్రం, ఆమె బలహీనురాలు కాకపోయినా కండరాలను ఎత్తిచూపవద్దనీ, గీత నునుపుగా, మెత్తగా సాగాలనీ ఆ పుస్తకం చెబుతుంది. దాని జిరాక్సు ప్రతులతోనే నాలాంటివాళ్ళం పాఠాలు నేర్చుకున్నాం కాబట్టి ఆ ఒక్క సలహా ఎంత పని చేసిందో నాకు తెలుసు. బొమ్మలో కండరం అంటే, బలం ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతోందో చూపించే గుర్తు. మగ వీరుడు గుద్దు విసిరితే వెనక కాలి మడమ నుంచి తొడ, నడుము, భుజం మీదుగా పిడికిలి దాకా ఒకే ఊపు కనబడుతుంది. ఆ గుర్తులన్నీ చెరిపేశాక స్త్రీ శరీరంలో చిత్రకారుడికి మిగిలేది బయటి అంచు గీత ఒక్కటే కనుక, అతని నైపుణ్యమంతా ఆ అంచును చూసేవాడికి ఇంపుగా వంచడం మీదికే పోతుంది. ఛాతీ, పిరుదులు ఒకే చూపులో కనిపించేలా వెన్నును మెలితిప్పే భంగిమకు మూలం ఇదే; దాన్ని అమెరికన్ పాఠకులే విరిగిన వెన్ను అని వెక్కిరిస్తారు.

హల్క్, షీ-హల్క్‌ల జంటను చూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. 1962లో పుట్టిన హల్క్ మామూలు మనిషి నుంచి ఆకుపచ్చ రాక్షసాకారంలోకి మారే వీరుడు. మారినప్పుడు అతనికి మనిషి రూపమే పోతుంది: నుదురు ముందుకు పొడుచుకొస్తుంది, మెడ భుజాల్లో కలిసిపోతుంది, చొక్కా పేలికలవుతుంది. 1980లో అతని మేనత్త కూతురు, లాయరు జెనిఫర్ వాల్టర్స్‌కు అతని రక్తం ఎక్కించగా అదే శక్తి వస్తుంది. రక్తం అదే, ఆకుపచ్చ రంగూ అదే. ఆమె మాత్రం పొడవాటి అందగత్తె అవుతుంది, బట్టలు కూడా ఎంత వరకు చిరగాలో తెలిసినట్టు అంతవరకే చిరుగుతాయి. ఆ తొలి సంచికను గీసింది పైన చెప్పిన బుసెమాయే. ఆయన గీత అంటే నాకు ఇప్పటికీ గౌరవం, ఆ గౌరవం వల్లనే ఈ మాట చెప్పడం కొంచెం కష్టంగా ఉంది. 2018లో అవెంజర్స్ కథల్లో ఆమెను నిజంగానే కండలు తిరిగిన భారీ మనిషిగా గీస్తే కొందరు పాఠకులు అందం పోయిందని నొచ్చుకున్నారు. హల్క్ అందం గురించి ఇన్నేళ్ళలో ఎవరూ బెంగపడగా నేను వినలేదు.

శక్తుల పంపకం కూడా బొమ్మను శాసిస్తుంది. 1961లో స్యూ స్టార్మ్‌కు అదృశ్యమయ్యే శక్తిని, 1963లో జీన్ గ్రేకు వస్తువులను మనసుతో కదిలించే శక్తిని, 1964లో స్కార్లెట్ విచ్‌కు చేతి కదలికతో కీడు కలిగించే శక్తిని ఇచ్చారు. వీళ్ళెవరూ శత్రువును తాకనక్కర్లేదు, కాబట్టి దూరంగా నిలబడి చెయ్యి చాపితే చాలు. స్యూ స్టార్మ్ పక్కనే, ఆమె జట్టులోని రాతి మనిషి థింగ్ నేలను పగలగొడుతుంటాడు. ఈ ముగ్గురినీ మొదట గీసిన జాక్ కిర్బీకి బలమైన స్త్రీని గీయడం రాదనుకోవద్దు. 1971లో మిస్టర్ మిరకిల్ కథల్లో ఆయన తెచ్చిన బిగ్ బార్డా, కాబోయే భర్త కంటే ఎత్తూ వెడల్పూ ఉన్న యోధురాలు. ఆమె నిలబడితే ఆ పేజీలో నేల ఉన్నట్టు అనిపిస్తుంది. కథ అడిగినప్పుడు గీత ఇచ్చింది, అంతే.

1941లో విలియం మార్స్‌టన్ రాయగా హెచ్.జి. పీటర్ గీసిన వండర్ వుమన్‌లోనూ ఈ లక్షణం కొంత ఉంది; ఆమె పరుగెత్తుతుంది, గొలుసులు తెంచుతుంది, మనుషులను ఎత్తి విసురుతుంది. 1954లో కామిక్స్ పరిశ్రమ తనకు తానుగా పెట్టుకున్న నియమావళిలో, స్త్రీల శరీర లక్షణాలను అతిగా చూపకుండా వాస్తవికంగా గీయాలని ఒక నిబంధన ఉంది. మగవాళ్ళ శరీరాల గురించి అలాంటి నిబంధన రాయవలసిన అవసరం ఎవరికీ తోచలేదు. మీ ప్రశ్నకు పరిశ్రమే అప్పట్లో ఇచ్చుకున్న జవాబుగా నేను దీన్ని చూస్తాను. తర్వాత కామిక్స్ ప్రత్యేక దుకాణాలకు మారి, ఆ నియమావళిని పాటించినట్టు వేసే ముద్ర లేకుండానే అమ్ముడుపోవడం మొదలయ్యాక పగ్గాలు తెగిపోయాయి. నేను ఆబిడ్స్‌లో కొన్నవాటిలో ఎక్కువ భాగం ఆ 1990ల పంటే.

నేనేదో మినహాయింపునని చెప్పుకోను. చదువు అయ్యాక హైదరాబాదులో గేములకు బొమ్మలు వేసే ఒక స్టూడియోలో చేరినప్పుడు, ఒకే సైన్యంలోని ఇద్దరు యోధులకు, ఒక మగ, ఒక ఆడ, కవచాలు గీయమన్నారు. ఇద్దరికీ పొట్ట కప్పే కవచమే వేశాను. ఆడ పాత్ర బొమ్మ "అమ్మాయి అని తెలియడం లేదు" అన్న వ్యాఖ్యతో రెండుసార్లు తిరిగొచ్చింది. మూడోసారి పొట్ట మీద కవచం తీసేసి, నడుము సన్నం చేసి, వెన్ను వంచి పంపాను. వెంటనే ఆమోదించారు. పొట్టే ముందు దెబ్బ తగిలే చోటని వాళ్ళతో వాదించి ఉండవచ్చు, కానీ అప్పుడు జీతం కావాలి.

ఇప్పుడు పిల్లలకు బొమ్మలు నేర్పుతున్నాను. ఒకసారి క్లాసులో పదిమంది వీరుల ముఖాలనూ, పదిమంది వీరవనితల ముఖాలనూ జుట్టు, రంగు, ముసుగు లేకుండా అంచు గీతలతోనే గీసి ఇచ్చి పేర్లు చెప్పమన్నాను. మగవాళ్ళలో సగానికి పైగా గుర్తుపట్టారు, ఎందుకంటే వాళ్ళకు దవడలు వేరు, ముక్కులు వేరు, వయసులు వేరు. ఎత్తు విషయంలోనూ ఐదడుగుల మూడంగుళాల వుల్వరీన్ అనే వీరుడికి చోటుంది. ఆడవాళ్ళలో ఒక్కరిని కూడా నమ్మకంగా చెప్పలేకపోయారు. పదిమందికీ ఒకే ముఖం, జుట్లే పది.

మన సంప్రదాయం అమాయకమైనదేమీ కాదు. నాయికకు నడుము ఉందో లేదో తెలియదని వర్ణించిన ప్రబంధ కవుల వారసులం మనం. కానీ రామప్ప గుడిలో మదనికల ముందు కూర్చుని స్కెచ్‌లు వేసినప్పుడు నేను గమనించినదేమిటంటే, ఆ శరీరాలు ఎంత సాగదీసినవైనా, వాటిలో నాట్యం తెలిసిన కాలు ఉంది. ఏ పాదం బరువు మోస్తోందో, ఏ పాదం ఊరికే ఆనిందో శిల్పికి తెలుసు. మూడు వంపుల భంగిమ కృష్ణుడికీ ఉంది, కాబట్టి వంపు మీద నాకు ఫిర్యాదు లేదు.

మార్పు రాలేదని కాదు. 1977లో పొట్టా కాళ్ళూ కనిపించే దుస్తులతో వచ్చిన కేరల్ డాన్వర్స్, మరుసటి ఏడు నుంచి నల్లటి ఈత దుస్తుల్లో చాలా ఏళ్ళు గడిపి, 2012లో కెప్టెన్ మార్వెల్‌గా ఒళ్ళంతా కప్పే పైలట్ దుస్తులకు మారింది. అదే ఏడాది హాక్ఐ అనే మగ వీరుణ్ణి ఆడ పాత్రల భంగిమల్లో గీసి ఇంటర్నెట్‌లో పెట్టే సరదా ఉద్యమం మొదలైంది. నా చెల్లెలి బాణం గుర్తు చేసిన పనే అది, కాకపోతే ఇంకా నవ్వు వచ్చేలా చేసింది. అయినా 2014లో స్పైడర్-వుమన్ తొలి సంచిక ప్రత్యేక ముఖచిత్రం మీద పెద్ద దుమారమే రేగింది. అందులో ఆమె ఒళ్ళంతా కప్పే దుస్తులే తొడుక్కుంది, అభ్యంతరమంతా భంగిమ మీదే. బట్ట మార్చినంత సులువుగా చెయ్యి అలవాటు మారదు.

మీ దగ్గర కామిక్స్ ఉంటే ఏదైనా ముఖచిత్రం తీసుకుని, తాపీమేస్త్రీ గోడ నిలువు చూసుకోవడానికి దారానికి గుండు కట్టి వదిలినట్టుగా, పాత్ర మెడ గుంట నుంచి కిందికి ఒక నిలువు గీత గీయండి. కదలకుండా నిలబడ్డ మనిషైతే ఆ గీత బరువు మోసే పాదం మీదో, రెండు పాదాల మధ్యనో పడాలి. పరుగెత్తడమో దూకడమో ఉంటే అది కదలిక వైపు జరగాలి. కిందటేడు ఆ పాత నోటుపుస్తకం దొరికితే నా బొమ్మ మీద ఇదే చేసి చూశాను. గీత పాదానికి నాలుగు వేళ్ళ అవతల, బాణం చూపించిన వైపే పడింది.