బుజ్జీ, శ్రీలంక వెళ్ళేముందు ఇది మొత్తం చదువు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "అక్కా, ఇది ఒక్కతే శ్రీలంక పోతానంటోంది, నువ్వైనా చెప్పవే" అంటూ ఒకటే గొడవ. పోనీవే అన్నా నేను. మన ఇంటి ఆడపిల్ల సొంత జీతంతో టికెట్ కొనుక్కుని ఇంకో దేశం చూసొస్తానంటే నాకెంత సంతోషమో నీకు చెప్పలేను, పక్కింటావిడకి కూడా చెప్పేశా. కానీ నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ప్లాన్ చదివాక మాత్రం నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి ఇది టైప్ చేస్తున్నా, పొడుగుందని సగంలో ఆపేయకు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తా. వీసా రూల్స్ మారుతుంటాయి కాబట్టి గవర్నమెంటు వెబ్‌సైట్‌లోనే చూసుకో, ఏజెంట్ మాట నమ్మకు. పాస్‌పోర్ట్ కాపీలు రెండు చోట్ల పెట్టుకో. దోమల క్రీమ్ మర్చిపోవద్దు, అక్కడ డెంగ్యూ ఉంది. ఆటోని అక్కడ త్రీవీలర్ అంటారు, మీటర్ లేకపోతే ఎక్కకముందే రేటు మాట్లాడుకో. అంతే, మిగతావి నీకు నాకంటే బాగా తెలుసు.

ఇప్పుడు అసలు విషయం. వారంలో కొలంబో, సిగిరియ, క్యాండీ, ఎల్లా, యాలా, మిరిస్సా, గాల్ అన్నీ రాశావు, అది కూడా జులైలో! అక్కడి వానలు రెండు వైపులా రెండు రకాలమ్మా. మే నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలులకి దక్షిణం, పడమర ఒడ్డు అల్లకల్లోలంగా ఉంటుంది, అప్పుడు తూర్పు ఒడ్డు ప్రశాంతంగా ఉంటుంది. చలికాలంలో తూర్పున వానలు, పడమర బాగుంటుంది. మిరిస్సాలో తిమింగలాలు చూస్తానన్నావే, దానికి సీజన్ నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా. జులైలో మిరిస్సా, ఉనవటున బీచ్‌లు పెట్టుకున్నావంటే నా గుండె జల్లుమంది. ఎందుకో చెప్తా, ఇది మాత్రం నిదానంగా చదువు.

మీ పెదనాన్నా నేనూ ఇంకో రెండు కుటుంబాలూ కలిసి వెళ్ళినప్పుడు ఇలాగే సెలవులు దొరికాయని ఆ వానల నెలల్లోనే వెళ్ళాం. గాల్ దాటాక ఒక చిన్న బీచ్ దగ్గర ఆగాం. ఎర్రజెండా పాతి ఉంది. మీ పెదనాన్న సంగతి నీకు తెలుసుగా, కృష్ణలో ఈత నేర్చుకున్న మనిషి, నీళ్ళంటే భయం లేదు, "జెండా ఈత రానివాళ్ళకి లేవే" అని చొక్కా విప్పి నా చేతికిచ్చారు. పైగా తెలివిగా చోటు ఎంచుకున్నారు. అటూ ఇటూ అలలు పెద్దగా విరుగుతున్నాయి, మధ్యలో ఒక పట్టీలా నీళ్ళు నున్నగా, అలల్లేకుండా, కొంచెం మట్టిరంగులో ఉన్నాయి. అక్కడ దిగారు. నడుం లోతు దాకా నవ్వుతూనే ఉన్నారు. ఆ తర్వాత ఆయన ఒడ్డు వైపు చేతులు వేస్తున్నారు, మనిషి మాత్రం దూరం అయిపోతున్నారు. మేము ఒడ్డున నిలబడి ఈత కొడుతున్నారనే అనుకున్నాం, మా వాళ్ళలో ఒకాయన ఫోటో కూడా తీశాడు. చెయ్యి ఒకసారి పైకి లేచి పడిపోయింది, అది చూశాక గానీ నాకు అర్థం కాలేదు. గొంతు చించుకుని అరిచా. కొబ్బరి చెట్ల కింద కూర్చున్న కుర్రాడొకడు సర్ఫ్ బోర్డు తీసుకుని ఆ నున్నటి పట్టీలోంచే దూసుకెళ్ళాడు, ఆయన్ని బోర్డు మీద పడుకోబెట్టి, ఒడ్డుకి నేరుగా కాకుండా పక్కకి చాలా దూరం తిప్పి, అలలు విరిగే చోటు నుంచి తీసుకొచ్చాడు.

ఆయన ఇసకలో బోర్లా పడి ఉప్పునీళ్ళు కక్కుతుంటే ఆ కుర్రాడు తడి ఇసకలో వేలితో గీసి చూపించాడు. అలలు నీళ్ళని ఒడ్డుకి తోస్తాయి కదా, ఆ నీళ్ళన్నీ వెనక్కి పోవాలి, ఎక్కడ కాస్త లోతు దొరికితే అక్కడ ఒక సన్న కాలవలా కలిసి జోరుగా లోపలికి పోతాయి. అక్కడ అలలు విరగవు, అందుకే చూడ్డానికి అన్నిటికంటే నెమ్మదిగా కనపడేది అదే చోటు. దాన్ని రిప్ కరెంట్ అంటారని తర్వాత తెలుసుకున్నా. అందులో చిక్కితే ఎంత ఈతగాడైనా ఎదురీదకూడదు, అలిసిపోతాం. కంగారుపడకుండా తేలుతూ చెయ్యి ఊపాలి, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది ఆ కాలవలోంచి బయటపడ్డాకే ఒడ్డుకి రావాలి. ఆ పిల్లాడు డబ్బులిస్తే తీసుకోలేదు. తన భాషలో ఏదో గట్టిగా తిట్టాడు, తిట్టి వెళ్ళిపోయాడు. వాడి తల్లి చల్లగా ఉండాలి.

మీ పెదనాన్న ఇప్పటికీ "ఇంకో నిమిషంలో నేనే వచ్చేసేవాణ్ణి" అంటారు. నీకు ఈత నేర్పింది ఆయనే, నా భయం అదే. నది ఈత సముద్రంలో పనికిరాదు తల్లీ. ఆయన ఫోన్ చేసి ఏం కాదులే అంటే సరే అని పెట్టేయి, వినకు. ఎర్రజెండా ఉంటే పాదం కూడా తడపకు. ఒట్టు వెయ్యమని అడగను కానీ వేస్తే నాకు హాయిగా ఉంటుంది.

సముద్రం కావాలంటే తూర్పుకి పో. ట్రింకోమలీలో కొండ కొమ్మున కోనేశ్వరం గుడి ఉంది, కింద సముద్రం నీలంగా ఉంటుంది. పాసికుడాలో చాలా దూరం మోకాళ్ళ లోతే. అక్కడైనా ఒంటరిగా దిగొద్దు.

ఇప్పుడు నీ ప్లాన్లో లేని ఊరు చెప్తా, శ్రీలంక పాత రాజధాని అనురాధపురం. సోషల్ టీచరు పెద్దమ్మ ఉండి కూడా దాన్ని వదిలేశావేంటే! నిన్ను చిన్నప్పుడు నాగార్జునకొండ మ్యూజియానికి లాంచీలో తీసుకెళ్ళా గుర్తుందా, అక్కడ ఇక్ష్వాకుల కాలం శాసనం ఒకటి దొరికింది, మూడో శతాబ్దంది. బోధిశ్రీ అనే బౌద్ధ గృహిణి తామ్రపర్ణి, అంటే శ్రీలంక, భిక్షువుల కోసం చైత్యం కట్టించిందని అందులో ఉంది, సింహళ విహారం పేరు కూడా ఉంది. మన కృష్ణ ఒడ్డుకి వాళ్ళు వచ్చి ఉన్నారు, ఇక్కడి శిల్పుల పనితనం అక్కడికి వెళ్ళింది. అనురాధపురంలో గుమ్మాల ముందు అర్ధచంద్రాకారపు రాయి ఉంటుంది, ఏనుగులు, గుర్రాలు, సింహాలు, ఎద్దులు వరసగా చెక్కి ఉంటాయి. నాగార్జునకొండలోనూ అర్ధచంద్ర శిలలు దొరికాయి. అక్కడ వంగి చూస్తుంటే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, గైడు ఏమైందమ్మా అని అడిగాడు. జేతవన స్తూపం అప్పట్లో 122 మీటర్ల ఎత్తు ఉండేదట, అంతా ఇటుకే. అశోకుడి కూతురు సంఘమిత్ర తెచ్చిన బోధి చెట్టు దగ్గర తెల్లబట్టలేసుకున్న ముసలమ్మలు పువ్వులు పట్టుకుని కూర్చుంటారు, వాళ్ళ పక్కన కాసేపు ఊరికే కూర్చో. చెప్పులు బయట విడవాలి, మధ్యాహ్నం రాళ్ళు కాలిపోతాయి, దళసరి సాక్సులు పెట్టుకో. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలేసుకో. బుద్ధుడికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోవద్దు, వాళ్ళకి అది చాలా బాధ.

అక్కడి నుంచి సిగిరియ వెళ్ళే దారిలో కలావెవ చెరువు దగ్గర బండి ఆపించు. ధాతుసేనుడు కట్టించాడు, 5వ శతాబ్దంలో. ఆయన కొడుకు కాశ్యపుడే తండ్రిని చంపి సిగిరియ రాతికొండ మీద కోట కట్టుకున్నవాడు. నిధి ఎక్కడుందో చూపించమంటే తండ్రి ఈ చెరువు దగ్గరికి తీసుకొచ్చి దోసిట్లో నీళ్ళు తీసి నా సంపద ఇదేనన్నాడని కథ. పల్నాడులో బిందె నీళ్ళ కోసం నిలబడినదాన్ని, నాకు ఆ మాట ఎట్లా తగిలిందో చూసుకో. ఇక్కడి నుంచి అనురాధపురానికి పోయే కాలవ మొదటి భాగంలో మైలుకి ఆరంగుళాలే వాలు, ఆ రోజుల్లో ఎట్లా కొలిచారో.

ఇంకోటి, తంబుత్తేగమ దగ్గర కుడాగమ అనే పల్లె ఉంది. అక్కడ అహికుంటికలు ఉంటారు, పాములాడించడం, కోతులాడించడం, చెయ్యి చూసి చెప్పడం వాళ్ళ పాత వృత్తులు. వాళ్ళ ఇంటిభాష తెలుగే! పిల్లలు సింహళంలోకి మారిపోతున్నారు. వెళితే కెమెరా ఎత్తుకుని వింత చూడ్డానికి పోయినట్టు పోకు, తెలిసినవాళ్ళ ద్వారా అడిగి వెళ్ళు, తెలుగులో పలకరించు, పెద్దవాళ్ళని పెదమ్మా, తాతా అను.

సిగిరియకి పొద్దున గేటు తీయగానే ఎక్కు, దాదాపు 1200 మెట్లు, కొండ తేనెటీగలున్నాయి, అరవొద్దు. అద్దం గోడ మీద పాతకాలం యాత్రికులు గీసిన పద్యాలుంటాయి, నువ్వు చెయ్యి కూడా వెయ్యొద్దు. సాయంత్రం మిన్నేరియ అడవి పార్కులో జీపెక్కు, ఈ నెలల్లో చెరువు తగ్గి లేతగడ్డి వస్తుంది, ఏనుగులు గుంపులుగా దిగుతాయి. ఏనుగుల కోసం యాలా అడవి దాకా అంత దూరం పోనక్కర్లేదు.

క్యాండీలో బుద్ధుడి దంతం ఉన్న గుడి, దంతాలయం చూడు. అక్కడ 1739 నుంచి 1815 దాకా ఏలింది మదురై వైపు నుంచి వెళ్ళిన నాయకర్లు, మూలం తెలుగువాళ్ళే. ఆఖరి రాజుని ఇంగ్లీషోళ్ళు వేలూరులో బంధించారు, అక్కడే పోయాడు. ఎల్లా రైలెక్కితే ఎక్కు కానీ కొండ లైను, వానలకి మట్టి విరిగిపడుతుంటుంది, రైలు నడుస్తోందో లేదో ముందు రోజు కనుక్కో. తలుపు పట్టుకుని వేలాడుతూ ఫోటోలు దిగావని తెలిస్తే నీతో మాట్లాడను.

తిండికి ఇబ్బంది లేదు, ఇడియాప్పం, పప్పు, కొబ్బరి పచ్చడి లాంటి సంబోల్ ఉంటాయి. సంబోల్లో ఉంబలకడ అనే ఎండుచేప పొడి కలుపుతారు, నువ్వు తినవు కాబట్టి అడిగి పెట్టించుకో. గేదె పెరుగు మీద కితుల్ అనే తాటిజాతి చెట్టు పానకం పోసిస్తారు, మట్టి కుండలో ఉన్నది తిను.

గాల్, మిరిస్సా ఇంకో జనవరికి దాచుకో, అప్పుడు నేనూ వస్తా. ప్లాన్ మార్చి ఆదివారం లోపల పంపు, మీ అమ్మతో నేను మాట్లాడతా. రోజూ రాత్రి రూముకి చేరాక మీ అమ్మకి ఒక మెసేజ్, నాకొకటి. ఒక్క ముక్క చాలు, "చేరా" అని.

ప్రేమతో,
పెద్దమ్మ